వాయిద్యకారులకు సాధనాలు సమకూర్చిన అడాల్ఫ్ సాక్స్

ఈ వ్యాసం ఒక పొరపాటుతో మొదలైంది. ఆ పొరపాటు పూర్తిగా నాది.

మాది హుస్నాబాద్ పక్క పల్లె. ఎవుసం మీద బతికే ఇల్లు. వానాకాలం పత్తి, మక్క. బాయిల నీళ్ళుంటే యాసంగికి వరి. మా వాడకట్టులో ఒక ముసలాయన ఉన్నాడు. నాకు వరుసకు ఏమీ కాడు గాని ఊరంతా తాత అని పిలుస్తుంది కనుక నాకూ తాతే. నలభై ఏండ్ల నుంచి బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతున్నాడు. మా అక్క పెండ్లిలో ఎదురుకోళ్ళ నుంచి అప్పగింతల దాకా ఊదింది ఆయనే. అప్పగింతలప్పుడు మా బాపు ఏడవకుండా గట్టిగా నిలబడ్డాడు గాని, తాత క్లారినెట్ మొదలుపెట్టగానే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అందరూ తిన్నాక, ఆఖరి బంతిలో, చల్లారిన అన్నం తిని పోయింది కూడా ఆ మేళం వాళ్ళే. ఆ సంగతి నేను చాలా రోజుల తర్వాత గాని ఆలోచించలేదు.

పోయిన మాఘంలో, నేను సెలవుకు ఇంటికి పోయినప్పుడు, తాత క్లారినెట్ మూగబోయి ఉంది. రీడు పగిలింది. సన్నాయికి పీక ఎట్లాగో క్లారినెట్‌కు రీడు అట్లా. పెదవుల మధ్య అదురుతూ శబ్దం పుట్టించేది ఆ చిన్న రేకే. అది లేకపోతే మిగిలినదంతా వట్టి గొట్టం. రెండు పెండ్లిళ్ళకు బయానా తీసుకొని ఉన్నాడు. సిద్దిపేట పోయి అడిగాడు, కరీంనగర్ పోయి అడిగాడు. డోలకులు ఉన్నాయి, హార్మోనియాలు ఉన్నాయి, గిటారు తీగెలు ఉన్నాయి. క్లారినెట్ రీడు మాత్రం లేదు. ఆ రోజుల్లో పెండ్లిండ్లకు డీజే పెట్టుకునేవాళ్ళే ఎక్కువ. అడిగేవాళ్ళు లేని సరుకు దుకాణంలో ఎవరు పెడతారు?

నేను సైన్సు చదివేవాణ్ణి, చేతిలో ఫోన్ ఉన్నవాణ్ణి. ఎంత పని, నేను తెప్పిస్తానని గొప్పగా చెప్పాను. బొమ్మ చూశాను, ధర చూశాను, ఒత్తాను. వారం రోజులకు పెట్టె వచ్చింది. తాత ఒక రీడు తీసి మౌత్‌పీసు మీద పెట్టి చూశాడు. రెండు పక్కలా బయటికి వస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. పెట్టె నాకే ఇచ్చి మీద ఏం రాసి ఉందో చదవమన్నాడు. ఆల్టో సాక్సోఫోన్ రీడ్లు అని ఉంది. నేను తెప్పించింది వేరే వాయిద్యానికి!

బస్సులో తిరిగి వస్తూ ఆ పెట్టె మీది మాట గురించే ఆలోచించాను. సాక్సోఫోన్ అంటే సాక్స్ నాదం అని అర్థమట. సాక్స్ అనేది ఒక మనిషి ఇంటిపేరని అప్పటిదాకా నాకు తెలియదు. లైబ్రరీలో దొరికినంత, ఫోన్‌లో దొరికినంత చదివాను. చదివిన కొద్దీ ఆ మనిషి జీవితంలో మా తాత కష్టమే నాకు మళ్ళీ మళ్ళీ కనిపించింది. వాయించేవాడు ఉంటే సరిపోదు; వాయిద్యం చేసేవాడు, దాన్ని బాగుచేసేవాడు, దానికి పాట రాసిచ్చేవాడు, నేర్పేవాడు కావాలి. ఆ నాలుగు పనులూ ఒక్కడే తలకెత్తుకున్న మనిషి కథ ఇది.

గండాలు గడిచిన బాల్యం

అడాల్ఫ్ సాక్స్ 1814 నవంబర్ 6న దినాన్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పటి బెల్జియంలో, మ్యూజ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. ఇత్తడి, రాగి పనికి పూర్వం నుంచి పేరున్న చోటు. తండ్రి చార్లెస్ జోసెఫ్ మొదట బీరువాలు, బల్లలు చేసే వడ్రంగి. తర్వాత సంగీత వాయిద్యాల తయారీలో దిగాడు. కొడుకు పసివాడుగా ఉండగానే కుటుంబాన్ని బ్రస్సెల్స్ నగరానికి మార్చాడు. అక్కడ పని పెరిగి రాజాస్థానానికి వాయిద్యాలు చేసిచ్చే దాకా వచ్చాడు. పదకొండు మంది పిల్లల్లో అడాల్ఫ్ పెద్దవాడు.

ఆ పిల్లవాడు బతికి బట్టకట్టడమే ఒక వింత. మూడంతస్తుల ఎత్తు నుంచి పడి తల రాయికి కొట్టుకున్నదట. గుండుసూది మింగాడట. పాలనుకొని గంధకామ్లం కలిసిన నీళ్ళు తాగాడట. తుపాకి మందు పేలి ఒళ్ళు కాలిందట. వార్నీషు వేసిన సామాను ఆరబెట్టిన గదిలో పడుకొని ఆ ఆవిరికి చచ్చి బతికాడట. ఒకసారి నదిలో కొట్టుకుపోతుంటే ఎవరో లాగారట. ఇన్నిటిలో ఎన్ని నిజమో, ఎన్ని ఊరివాళ్ళు కలిపినవో గాని, ఆయన జీవితం రాసిన వాళ్ళందరూ వీటిని చెబుతారు. వీడు బతకడని తల్లి ఆశ వదులుకుందనీ, ఇరుగుపొరుగు వాణ్ణి దయ్యం పిల్లవాడి కింద లెక్కగట్టారనీ కూడా చెబుతారు.

వార్నీషు, గంధకామ్లం, కరిగిన లోహం – ఇవన్నీ తండ్రి పనిశాలలో ఉండేవే. అంటే ఆ పిల్లవాడు పుట్టిన దగ్గరి నుంచి పనిముట్ల మధ్యనే పెరిగాడు. రైతు బిడ్డ నాగలి దగ్గర, కొడవలి దగ్గర పెరిగినట్టే. చిన్నప్పుడే లోహం పోత పోయడం, గొట్టం తొలచడం, చెవులు అమర్చడం నేర్చాడు. అంతటితో ఆగకుండా బ్రస్సెల్స్ సంగీత పాఠశాలలో వేణువు, క్లారినెట్ పద్ధతి ప్రకారం నేర్చుకున్నాడు. ఇది గమనించవలసిన సంగతి. వాయిద్యం చేసేవాళ్ళలో చాలామందికి వాయించడం రాదు. వాయించేవాళ్ళలో చాలామందికి అది ఎట్లా తయారవుతుందో తెలియదు. ఈయనకు రెండూ తెలుసు. కనుకనే వాయించేవాడి వేలికి ఎక్కడ నొప్పి పుడుతుందో, ఏ స్వరం దగ్గర ఊపిరి తట్టుకోదో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయింది.

పదహారేండ్లు నిండకముందే, 1830లో, దంతంతో చేసిన వేణువులు, క్లారినెట్లు ప్రదర్శనకు పెట్టాడు. 1838లో బేస్ క్లారినెట్‌ను సరిదిద్ది పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఆ వాయిద్యం పేరుకు ఉండేది గాని, శ్రుతి నిలిచేది కాదు. 1841 ప్రాంతంలో బ్రస్సెల్స్ ప్రదర్శనలో మొదటి బహుమతికి తగిన పనే చేశాడు. గాని వయసు మరీ చిన్నది, ఇప్పుడే పెద్ద పతకం ఇస్తే ముందు ముందు ఇవ్వడానికి ఏముంటుందని పెద్దలు తక్కువ పతకం ఇవ్వజూపారు. ఆయన దాన్ని తీసుకోలేదు. తర్వాతి సంవత్సరం, 1842లో, జేబులో కొద్ది ఫ్రాంకులతో పారిస్ చేరాడు.

గొట్టం ఆకారంలో ఉన్న రహస్యం

పారిస్‌లో ఆయన అదృష్టం ఏమంటే, బెర్లియోజ్ అనే ప్రసిద్ధ స్వరకర్త ఆయన పనిని చూశాడు. 1842 జూన్‌లోనే ఒక పెద్ద పత్రికలో ఈ యువకుడి కొత్త వాయిద్యాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. ఆ కొత్త వాయిద్యమే సాక్సోఫోన్.

ఇక్కడ భౌతికశాస్త్రం చదివే మిత్రులు కొంచెం చెవి ఒగ్గాలి. మనం ల్యాబులో చేసిన రెజొనెన్స్ గొట్టం ప్రయోగం గుర్తుంది కదా. ఒక చివర మూసిన నిడుపాటి గొట్టంలో మొదటి అనునాదం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దగ్గర వస్తుంది, రెండోది మూడు వంతుల దగ్గర. అంటే మొదటి స్వరం తర్వాత దానికి మూడింతల పౌనఃపున్యం ఉన్న స్వరం పలుకుతుంది, రెండింతలది తప్పిపోతుంది. క్లారినెట్ అట్లాంటి గొట్టమే. రీడు ఉన్న వైపు మూసిన చివర లెక్క. కనుక క్లారినెట్‌లో ఒక స్వరం ఊది, అవే వేళ్ళతో పై మెట్టుకు ఎక్కితే స నుంచి పై స రాదు. దాన్ని దాటి పై స్థాయి ప వస్తుంది. అందుకే కింది స్థాయికి ఒక వేళ్ళ లెక్క, పై స్థాయికి ఇంకొక లెక్క నేర్చుకోవాలి.

సాక్స్ గొట్టాన్ని ధాన్యం పోసే గరాటులాగా, పైన సన్నగా, కిందికి వచ్చిన కొద్దీ వెడల్పుగా చేశాడు. అట్లాంటి శంకువు ఆకారపు గొట్టానికి ఒక చివర మూసినా రెండింతల స్వరం పలుకుతుంది. స తర్వాత పై స వస్తుంది. ఇక కింది స్థాయికీ పై స్థాయికీ వేళ్ళు దాదాపు ఒక్కటే. క్లారినెట్ రీడు, ఇత్తడి ఒళ్ళు, శంకువు గొట్టం – ఈ మూడూ కలిపి ఆయన ఒక కొత్త గొంతు పుట్టించాడు. సన్నాయిలాగా మృదువుగా పలకగలదు, మైదానంలో బాకాలాగా మోగగలదు.

అయితే నాకు అంతకన్నా గొప్పగా తోచిన విషయం ఇంకొకటి ఉంది. ఆయన ఒక్క వాయిద్యం చేసి ఊరుకోలేదు. చిన్నది మొదలు పెద్దది దాకా ఒక కుటుంబం మొత్తం చేశాడు. సాక్సోఫోన్లే కాక, 1843 నుంచి వాల్వులున్న ఇత్తడి బాకాల కుటుంబాన్ని కూడా పేటెంటు చేశాడు. వాటికి సాక్స్‌హార్న్‌లని పేరు. ఒక కుటుంబంలో ఒకటి నేర్చినవాడు దాని అన్నదమ్ముల్లో దేన్నయినా పట్టుకోవచ్చు. వేళ్ళ లెక్క ఒక్కటే, రాసిన స్వరం చదివే పద్ధతి ఒక్కటే. బ్యాండులో ఒకడు జ్వరంతో పడుకుంటే పక్కవాడు ఆ వాయిద్యం అందుకోవచ్చు. ఇది వాయించేవాడి అవసరం తెలిసిన వాడికే తట్టే ఆలోచన.

మైదానంలో పోటీ

ఆ రోజుల్లో ఫ్రాన్సు సైనిక బ్యాండ్లు అధ్వాన్నంగా ఉండేవట. సాక్స్ ప్రభుత్వానికి ఒక పథకం పెట్టాడు. పాత వాయిద్యాలు కొన్ని తీసేసి తన వాయిద్యాలు పెడితే తక్కువ మందితో ఎక్కువ నాదం వస్తుందన్నాడు. పాతవాళ్ళు ఒప్పుకుంటారా? చివరికి పోటీ పెట్టారు. 1845 ఏప్రిల్ 22న పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో, ఇప్పుడు ఈఫెల్ గోపురం నిలబడి ఉన్న చోటనే, రెండు బ్యాండ్లు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి కరాఫా అనే స్వరకర్త నడిపిన పాత పద్ధతి బ్యాండు, ఇంకొకటి సాక్స్‌ది. వేలమంది జనం చేరారు. సాక్స్ తరఫున రావలసిన కొందరు వాద్యకారులు ఆ వేళకు రాలేదనీ, ఆయనే వాయిద్యం పట్టుకొని వరుసలో నిలబడ్డాడనీ చెబుతారు. మనిషికి మనిషి తక్కువగా ఉన్నా జనం చప్పట్లు సాక్స్ బ్యాండుకే పడ్డాయి. అదే ఏడు ప్రభుత్వం ఆయన వాయిద్యాలను సైన్యంలోకి తీసుకుంది. 1846లో సాక్సోఫోన్‌కు పదిహేనేండ్ల పేటెంటు వచ్చింది.

ఒక్క దెబ్బతో ఆయన పారిస్ వాయిద్యాల తయారీదారుల్లో అందరికన్నా పైకి వచ్చాడు. నిజం చెప్పాలంటే, ఆయన గెలుపు ఇంకొందరి కడుపు మీద దెబ్బ కూడా. తరతరాలుగా సైన్యానికి సరుకు ఇచ్చిన పనిశాలలకు ఒక్కసారిగా పని పోయింది. అందులో పనిచేసే కార్మికుల బాధను మనం చిన్నచూపు చూడలేం. సాక్స్ కూడా మెత్తని మనిషి కాడు. తన పని మీద అపారమైన నమ్మకం, నోటి దురుసుతనం, రాజీకి ఒప్పుకోని గుణం ఉన్నవాడు. తయారీదారులు ఒక్కటై ఆయన మీద కోర్టుకెక్కారు. ఆ వాయిద్యం కొత్తదే కాదన్నారు. కొత్తదైతే పేటెంటుకు ముందే బయటపెట్టాడు కనుక చెల్లదన్నారు. ఒకదానితో ఒకటి పొసగని ఈ రెండు మాటలూ ఒకే నోటితో అన్నారు.

1848లో ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు దిగిపోయాడు. రాజు కాలంలో జరిగిన బ్యాండు సంస్కరణను కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. సైన్యం నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. కోర్టు ఖర్చులు ఆగలేదు. 1849 పారిస్ ప్రదర్శనలో పతకం వచ్చింది, 1851 లండన్ మహా ప్రదర్శనలో పతకం వచ్చింది. 1852లో దివాలా కూడా వచ్చింది. పతకాలు గోడకు, అప్పులవాళ్ళు గడపకు!

అదే కాలంలో, 1853 ప్రాంతంలో, పెదవి మీద పుండు లేచింది. అది పెరిగి క్యాన్సరని తేలింది. ఊదేవాడికి పెదవి పోతే ఏం మిగులుతుంది? కొన్నేండ్లు నరకం పడ్డాడు. ఆకుపసరు మందులిచ్చే ఒక వైద్యుడి చేతిలో 1859 నాటికి నయమైందని రాశారు. ఒక్క మనిషికి తగ్గినంత మాత్రాన ఆ మందు క్యాన్సర్‌కు మందని సైన్సు విద్యార్థిగా నేను అనలేను. గాని ఆ మనిషి మళ్ళీ పనిశాలకు వచ్చి నిలబడ్డాడన్నది మాత్రం చరిత్ర.

వాయించేవాళ్ళకు ఏం కావాలి

1854లో మూడవ నెపోలియన్ చక్రవర్తి కాలంలో సాక్స్ మళ్ళీ నిలదొక్కుకున్నాడు. ఇక్కడి నుంచి ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది.

వాయిద్యం అమ్మితే సరిపోదని ఆయనకు అర్థమైంది. కొత్త వాయిద్యానికి పాత పాటలు లేవు, నేర్పే గురువులు లేరు. 1857లో పారిస్ కన్సర్వేటరీ అనే పెద్ద సంగీత కళాశాలలో సైనిక విద్యార్థుల కోసం సాక్సోఫోన్ తరగతి పెట్టించి తానే బోధించాడు. ఆ విద్యార్థులు ప్రతి ఏటా పరీక్షలో వాయించడానికి పాటలు కావాలి. సాంజెలే వంటి స్వరకర్త మిత్రుల చేత రాయించి, తానే ప్రచురణ సంస్థ పెట్టి అచ్చువేశాడు. ఈనాటికీ సాక్సోఫోన్ నేర్చేవాళ్ళు ఆ పాటల్లో కొన్నిటిని సాధన చేస్తారు. అంటే పనిశాల, పుస్తకం, పాఠం – మూడూ ఒక్క మనిషి గుప్పిట్లో నుంచి వచ్చాయి. పాత వాయిద్యాలు ఎక్కడ దొరికినా కొని నాలుగు వందలకు పైగా కూడబెట్టాడు కూడా. ఎవరు ఏ కాలంలో ఏది ఎట్లా చేశారో చూసి నేర్చుకోవడానికి.

ఆయన పేటెంటును ప్రభుత్వం ప్రత్యేకంగా ఇంకో అయిదేండ్లు పొడిగించింది. 1866లో అది ముగిసింది. ఇక ఎవరైనా సాక్సోఫోన్ చేసుకోవచ్చు. 1867 పారిస్ ప్రదర్శనలో గొప్ప బహుమతి అందింది. 1870లో ఫ్రాన్సుకు ప్రష్యాతో యుద్ధం వచ్చింది. కన్సర్వేటరీలో ఆయన తరగతి మూతపడింది. 1873లో మళ్ళీ దివాలా. 1877లో మూడోసారి. ఆ ఏడాది డిసెంబర్‌లో ఆయన కూడబెట్టిన వాయిద్యాలన్నీ వేలం పాటలో పోయాయి. ఎడ్లను అప్పు కింద తోలుకుపోతుంటే కొట్టం దగ్గర నిలబడి చూసిన రైతు మొహం నేను చిన్నప్పుడు చూశాను. ఆ వేలం గురించి చదివినప్పుడు ఆ మొహమే గుర్తుకొచ్చింది.

ముసలితనంలో బీదరికం. ఆయనకు సాయం చేయమని పేరున్న స్వరకర్తలు ప్రభుత్వాన్ని అడగవలసి వచ్చింది. 1894 ఫిబ్రవరి 7న, డెబ్బై తొమ్మిదేండ్ల వయసులో, పారిస్‌లో కన్నుమూశాడు. మోంమార్త్ శ్మశానంలో సమాధి చేశారు. మూసిన ఆ సాక్సోఫోన్ తరగతి కన్సర్వేటరీలో మళ్ళీ తెరుచుకున్నది 1942లో. డెబ్బై రెండేండ్ల తర్వాత. గురువు కుర్చీ ఒకసారి ఖాళీ అయితే అది నిండడానికి ఒక మనిషి జీవితకాలం పట్టిందన్న మాట.

ఇప్పుడు సాక్సోఫోన్ లేని దేశం లేదు. అమెరికా నల్లజాతి కళాకారుల చేతిలో అది జాజ్ సంగీతానికి గొంతు అయింది. మన దక్షిణాదిలో కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఆ వాయిద్యాన్ని చూసి మనసుపడి, దాని మీద కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా పలికించాడు. ఆయన 2019లో పోయాడు. ఇవేవీ చూడకుండానే సాక్స్ వెళ్ళిపోయాడు.

పారిస్ నుంచి మన పెండ్లి పందిరి దాకా

సాక్స్‌కూ మా ఊరి మేళానికీ చుట్టరికం ఎక్కడ? వెతికితే దొరికింది. 1844లో డిస్టిన్ అనే ఆంగ్ల వాద్యకారుల కుటుంబం పారిస్ వచ్చి సాక్స్ బాకాలు చూసి, వాటినే వాయిస్తూ ఊరూరా తిరిగింది, లండన్‌లో అమ్మింది. ఇంగ్లండు బ్యాండ్లలోకి అవి అట్లా చేరాయి. ఇంగ్లీషువాడి పటాలాలతో పాటు బ్యాండు మన దేశానికీ వచ్చింది. మన సికింద్రాబాద్ కంటోన్మెంటులోనూ పటాలాల బ్యాండ్లు మోగాయి. పటాలం బ్యాండును చూసి జమీందార్లు, సంస్థానాలవాళ్ళు, ఆ తర్వాత మామూలు జనం కూడా పెండ్లికి అట్లాంటిదే కావాలనుకున్నారు. ఎర్రకోటు, బంగారు రంగు జలతారు, నెత్తిన టోపీ – మన మేళం వాళ్ళ వేషం ఆ సైనిక వేషమే. వాళ్ళ చేతుల్లోని పెద్ద ఇత్తడి బాకాలు సాక్స్ చేసిన కుటుంబానికి దగ్గరి చుట్టాలే. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ ఈ ఇత్తడి వాయిద్యాల తయారీకి పేరుపొందింది. అక్కడ 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ పేరు దేశమంతటా బ్యాండువాళ్ళకు తెలుసు.

రీడు సంగతి ఇంకా విచిత్రం. అది మన చెరువు గట్టు మీద పెరిగే రెల్లు వంటి ఒక గడ్డిజాతి మొక్క. ఫ్రాన్సు దక్షిణాన, సముద్రం దగ్గరి వార్ ప్రాంతంలో పెరిగేదానికి మంచి పేరు. రెండేండ్లు ముదిరినాక చలికాలంలో కోసి, ఎండబెట్టి, మాగబెట్టి, చీల్చి, వెంట్రుకవాసి మందం వచ్చేదాకా చెక్కుతారు. ఎక్కడో ఒక రైతు కోసిన గడ్డి లేక హుస్నాబాద్‌లో ఒక పెండ్లి మేళం ఆగిపోయిందంటే నమ్ముతారా? నేను నమ్మాను, కండ్లారా చూశాను కనుక.

రీడు తెప్పించడంలో నేను దెబ్బతిని నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెబుతాను. ఇంటి దగ్గర ఇట్లాంటి తాతలున్న మిత్రులకు పనికొస్తుంది. మొదటిది, వాయిద్యం పేరు, దాని శ్రుతి రెండూ అడిగి రాసుకోవాలి. మన మేళాల్లో ఎక్కువగా ఉండేది బి ఫ్లాట్ క్లారినెట్. రెండోది, రీడుకు గట్టిదనపు నంబరు ఉంటుంది. రెండు, రెండున్నర, మూడు అని. నంబరు పెరిగిన కొద్దీ గట్టిది. వాయించేవాడి పెదవికి అలవాటైన నంబరే తెప్పించాలి. మూడోది, ఒక్కటి కొనకుండా పెట్టె కొని, మూడు నాలుగు రీడ్లను రోజుకొకటిగా మార్చి వాడితే అన్నీ ఎక్కువ రోజులు వస్తాయి. నాలుగోది, ఊదినాక తుడిచి, చదునైన దాని మీద ఆరబెట్టాలి. తడి రీడును మౌత్‌పీసుకే వదిలేస్తే వంకర పోతుంది. చెవుల కింది ప్యాడ్లు, కీళ్ళ దగ్గరి బెండు కూడా ఏడాదికొకసారి చూసుకోవలసినవే. ఇవి తెలిసిన దుకాణం దగ్గరలో లేనప్పుడు, చదువుకున్న పిల్లలమే ఆ దుకాణం పని కొంత చేయాలి.

ఇక మా తాత కథ. నేను తెప్పించిన తప్పుడు రీడును ఆయన పారేయలేదు. నేను హాస్టలుకు తిరిగి వచ్చినాక, బ్లేడుతో రెండు పక్కలా చెక్కి, కొన మీద గరుకు కాగితం రుద్ది, క్లారినెట్ మౌత్‌పీసుకు సరిపడేట్టు చేశాడట. మొదటి రెండు పాడయ్యాయి, మూడోది పలికింది. గొంతు కొంచెం బొంగురు పోయిందట గాని, మొదటి పెండ్లి గట్టెక్కింది. ఆ సంగతి ఫోన్‌లో బాపు చెప్పినప్పుడు నాకు సిగ్గూ, సంతోషమూ రెండూ కలిగాయి. దినాన్‌లో పుట్టిన ఆ దయ్యం పిల్లవాడు కూడా అట్లాగే చెక్కీ, రుద్దీ, పాడుచేసీ నేర్చుకొని ఉంటాడు. రెండో పెండ్లి నాటికి సరైన రీడ్ల పెట్టె నేనే తీసుకుపోయి ఇచ్చాను. తాత డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆయన ఊరుకోలేదు, మా అవ్వ చేతిలో పెట్టి పోయాడు. పనిముట్టుకు డబ్బు ఇవ్వకపోతే అది పలకదని ఆయన నమ్మకం.

ఆ రెండో పెండ్లికి నేనూ పోయాను. బంతులు లేచే వేళకు మేళం వాళ్ళను పిలిచి మొదటి బంతిలోనే కూర్చోబెట్టమని పెండ్లివాళ్ళను అడిగాను. కొంచెం గొణిగారు గాని కూర్చోబెట్టారు. సాక్స్ జీవితం చదవకపోతే నాకు ఆ మాట అడిగే ధైర్యం వచ్చేది కాదు. ఈ సంచిక చదివే మిత్రులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తమ ఇండ్లల్లో శుభకార్యం జరిగినప్పుడు మేళం వాళ్ళను ఒక్క మాట అడగాలని నా కోరిక: వాయిద్యానికి ఏమైనా కావాలా అని.